తాళంచెవి చేతిలో పెడితే టీచరైపోతారా?

నలుగురు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒకచోట చేరి టీ తాగుతున్నప్పుడు ప్రభుత్వ బడుల ఊసు వచ్చిందంటే, ఆ తరువాతి పది నిముషాలు ఏం మాట్లాడుకుంటారో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఒకాయన "జీతాలు చూస్తే లక్షలు, పని చూస్తే సున్నా" అంటాడు. రెండో ఆయన "చిట్టీలు, ప్లాట్ల బేరాలు, ఎల్లైసీ పాలసీలు పోగా మిగిలిన టైములో కదండీ పాఠం" అని అందుకుంటాడు. మూడో ఆయన కాస్త ఆలోచనాపరుడు. "రోజూ మొహం స్కాన్ చేయించాలి బాస్, అప్పుడు గానీ దారికి రారు" అంటాడు. నాలుగో ఆయన దగ్గర ఒక స్టార్టప్ ఐడియా రెడీగా ఉంటుంది. ప్రతి పిల్లాడి చేతిలో ఒక ట్యాబు, ఆ ట్యాబులో ఒక ఏఐ, ఇంక టీచరుతో పనేంటి? ఈలోగా టీ అయిపోతుంది. దేశంలో చదువుల సమస్య తీర్చేశామన్న తృప్తితో ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళిపోతాం.

సీట్లో కూర్చోగానే మనం చేసే మొదటి పని ఏంటో ఎప్పుడైనా గమనించారా? మన కోడు మీద ఎవరో సీనియర్ రాసిన కామెంట్లు చదువుకోవడం!

నా గొడవంతా ఇక్కడే. మన పని మనకి ఎలా వచ్చిందో మనకి బాగా తెలుసు. టీచరు విషయానికొచ్చేసరికి మాత్రం ఆ తెలిసిందంతా టీ కప్పుతో పాటు చెత్తబుట్టలో పడేసి, మార్కులు, కెమెరాలు, ట్యాబుల గురించి మాట్లాడతాం. ఒక మనిషి పనిమంతుడు ఎలా అవుతాడు అన్న ప్రశ్న మాత్రం అడగం.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి, ఆన్‌లైన్ టెస్టు, గ్రూప్ డిస్కషన్, రెండు టెక్నికల్ రౌండ్లు, ఒక హెచ్చార్ రౌండు దాటి వచ్చినవాడిని కూడా ఏ కంపెనీ నమ్మదు. కొన్ని వారాలో నెలలో ట్రైనింగ్ ఇస్తుంది. తరువాత టీంలో వేసి పక్కన ఒక బడ్డీని కూర్చోబెడుతుంది. మొదట్లో చిన్నాచితకా బగ్గులే ఇస్తారు. రాసిన ప్రతి లైనూ ఇంకొకరు చూస్తే తప్ప ముందుకి కదలదు. ప్రొడక్షన్ సర్వరు మొహం చూడ్డానికి నెలలు పడుతుంది. ఇంత చేసి మనం తయారుచేసేదేంటయ్యా అంటే, ఏదో ఒక పేజీలో ఒక బటను. అది చెడిపోతే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళిపోతాం, సాయంత్రానికి అంతా మామూలే.

ఒకటో తరగతికి అలా వెనక్కి వెళ్ళే సదుపాయం లేదు. అక్షరాలు కూడబలుక్కోవడం ఆ ఏడాది రాని పిల్లాడు రెండులోనూ వెనకే, మూడులోనూ వెనకే. 2024 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం మంది. నూటికి డెబ్భై ఆరు మంది పిల్లలు, మన భాషలో చెప్పాలంటే, బిల్డ్ పాస్ అవ్వకుండానే పై తరగతికి రిలీజ్ అయిపోయారు.

ఇప్పుడు టీచరు కథ చూద్దాం.

2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ పెట్టింది. 16,347 పోస్టులు. అంతకు ముందు డీఎస్సీ నియామకాలు 2018 నోటిఫికేషన్‌వి. తెలంగాణలో 2017 టీఆర్టీ తరువాత మళ్ళీ 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఏడేళ్ళకో పుష్కరం అన్నమాట. కోచింగ్ సెంటర్లలో, లైబ్రరీల్లో కూర్చుని, పెళ్ళిళ్ళు వాయిదా వేసుకుని, చేస్తున్న చిన్న ఉద్యోగాలు మానేసి చదివిన వాళ్ళకి ఆ పోస్టులు వచ్చాయి. వాళ్ళ కష్టం మీద నాకు వీసమెత్తు అనుమానం లేదు.

కానీ ఆ పరీక్షలో వాళ్ళు చేసిందేంటి? నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కారు. టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ, డీఎస్సీ మార్కులకి 80 శాతం. టెట్ కూడా నాలుగు ఆప్షన్ల పరీక్షే, 150 ప్రశ్నలు. మొత్తం ఈ వ్యవహారంలో ఆ అభ్యర్థి పిల్లల ముందు నిలబడి ఒక్క పాఠం చెప్పగా చూసిన నాథుడు లేడు. వంటవాణ్ణి పెట్టుకునేటప్పుడు కూడా ఓ పూట వండించి చూస్తాం కదండీ!

మా పెద్దమ్మ కూతురు ఇలాగే ఎస్జీటీ అయింది. చేరేముందు కొద్ది రోజుల శిక్షణ. తరువాత పోస్టింగు. వెళ్ళేసరికి అక్కడ తనొక్కతే టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. బదిలీ అయి ఆమె కోసమే ఎదురుచూస్తున్న పాత మాష్టారు తాళంచెవి, రిజిస్టర్లు, గుడ్ల లెక్క అప్పజెప్పి ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు. చేరి మూడు నెలలయ్యాక అడిగాను, "నీ పాఠం ఎవరైనా వచ్చి చూశారా అక్కా?" అని.

"వచ్చార్రా. గుడ్లు లెక్కపెట్టి వెళ్ళారు."

ఇది మా అక్క ఒక్కదాని దురదృష్టం అనుకోకండి. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్ష పైచిలుకు ఏకోపాధ్యాయ బడులున్నాయి. అందులో 12,912 బడులతో మొదటి స్థానం ఎవరిదనుకుంటున్నారు? ఆంధ్రప్రదేశ్‌దే. పక్క గదిలో అడగడానికి సీనియర్ లేడు, సందేహం వస్తే తీర్చడానికి హెడ్మాస్టర్ లేడు. అసలు పక్క గదే లేదు. ఫ్రెషర్‌ని ఒంటరిగా కూర్చోబెట్టి ఐదు ప్రాజెక్టులు ఒకేసారి లైవ్‌లో నడపమంటే మనం ఎన్ని రోజులుంటాం? మూడో రోజుకి నౌకరీలో రెజ్యూమే అప్‌డేట్ అయిపోదూ? :)

"ఐదో తరగతి లెక్కలు చెప్పడానికి అంత నైపుణ్యం ఎందుకండీ, మనకి రావా ఏంటి?" అంటారు కొందరు. సరే, మనకి వచ్చో రాదో చూద్దాం. పావు తక్కువ రెండుని అరతో భాగించండి. తలకిందులు చేసి గుణించి మూడున్నర అని చెప్పేశారు కదా, శభాష్. ఇప్పుడు ఆ లెక్కకి ఒక కథ చెప్పండి. పిల్లలకి అర్థమయ్యే కథ. కిందకి చదవకుండా ఒక నిముషం ఆలోచించండి.

చాలామంది "పావు తక్కువ రెండు రొట్టెల్ని ఇద్దరికి సమానంగా పంచితే..." అని మొదలుపెడతారు. అది రెండుతో భాగించడం, అరతో కాదు. సరైన కథ ఇలా ఉంటుంది: పావు తక్కువ రెండు లీటర్ల పాలున్నాయి, అర లీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు? మూడున్నర. లెక్క చేయడం వేరు, లెక్కని విప్పి చూపించడం వేరు. ఈ రెండోదే టీచరు విద్య.

ఇదే లెక్కని లిపింగ్ మా అనే పరిశోధకురాలు 23 మంది అమెరికన్ టీచర్లకీ, 72 మంది చైనా టీచర్లకీ ఇచ్చింది. 1999లో పుస్తకంగా వచ్చింది. అమెరికన్లలో సగం మందికి కూడా సరైన జవాబు రాలేదు, సరైన కథ చెప్పగలిగింది ఒక్కరే. చైనా వాళ్ళలో జవాబు అందరికీ వచ్చింది, సరైన కథ చెప్పినవాళ్ళు నూటికి తొంభై. అసలు తమాషా ఏంటంటే, డిగ్రీలన్నీ అమెరికా వాళ్ళకే ఉన్నాయి. చైనా వాళ్ళలో చాలామంది తొమ్మిదో తరగతి తరువాత రెండు మూడేళ్ళు టీచర్ ట్రైనింగ్ చదివి వచ్చినవాళ్ళే. మరి ఆ తెలివి ఎక్కడిది? ఉద్యోగంలో చేరాక వచ్చింది. ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్ళంతా జట్టుగా కూర్చుని పాఠ్యపుస్తకాన్ని లైను లైనూ చదివి, ఈ లెక్క దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారు, ఎలా చెబితే ఎక్కుతుంది అని చర్చించుకోవడం అక్కడ ఉద్యోగంలో భాగం. మనకి డిజైన్ రివ్యూ ఎలాగో వాళ్ళకి అది అలాగ.

ఇంకా చిన్న ఉదాహరణ. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు ఒక పిల్లాడు. తప్పు అని ఎర్రపెన్నుతో కొట్టేయడానికి ఎవరైనా చాలు. కానీ వాడు గుడ్డిగా రాయలేదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశాడు. 5లోంచి 2 తీసి 3 వేశాడు. "పెద్దదాంట్లోంచే చిన్నది పోతుంది" అని వాడికి ఎప్పుడో ఎవరో చెప్పిన మాటని వాడు నిజాయితీగా పాటించాడు. అంటే వాడి ప్రోగ్రాం క్రాష్ అవ్వలేదు, తప్పు లాజిక్‌తో శుభ్రంగా నడిచింది. ఆ లాజిక్ ఎక్కడుందో పసిగట్టి, ఐదు పదుల కట్టల్లో ఒకదాన్ని విప్పి పుల్లలు చేతికిచ్చి సరిదిద్దడం నైపుణ్యం. 52 మైనస్ 27 ఎంత అని నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఆ నైపుణ్యాన్ని కొలవలేం. కొలవలేకపోతే పోనీ, అది ఉద్యోగంలో చేరాక పుట్టే మార్గమైనా ఉండాలిగా? మన దగ్గర లేనిది అదే.

మన ప్రభుత్వాలకి జల్లెడ మీద ఉన్న నమ్మకం పదును మీద లేదు. పిండి బాగాలేకపోతే ఇంకా సన్నని జల్లెడ కొంటారు తప్ప తిరగలి వైపు చూడరు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, ఆ ఆగస్టులోనే ఎన్సీటీఈ టెట్ తెచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు, రిటైర్మెంటుకి ఐదేళ్ళకి మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని తీర్పు చెప్పింది. కోర్టు చట్టంలో ఉన్నదే చెప్పింది, నేను కోర్టుని ఏమీ అనట్లేదు. ఆ చట్టం నడిపే పెద్దల ఆలోచన చూడండి. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి ఎలా చెబుతున్నాడో తెలుసుకోవాలంటే వాళ్ళకి తోచిన ఒకే ఒక్క మార్గం 150 ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు. క్లాసులోకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని చూద్దామని ఎవరికీ తట్టలేదు.

జల్లెడకి ముందున్న బీఈడీ సంగతి చెప్పుకుంటే పరువు పోతుంది. "నాన్ అటెండింగ్" అన్న మాట తెలుగునాట బీఈడీ పక్కన ఎంత సహజంగా అతుక్కుపోయిందో మీకు తెలుసు. ఫీజు కట్టు, పరీక్షలకి రా, చాలు. ఇది నా వెటకారం కాదు. సుప్రీం కోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికని ప్రస్తావిస్తూ, దేశంలో వేలాది ప్రైవేటు బీఈడీ కాలేజీలు డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2020 జాతీయ విద్యావిధానమే రాసుకుంది. ప్రభుత్వం తన సొంత కాగితం మీద ఒప్పుకున్న నిజం అది.

మరి నేర్పే ప్రయత్నమే ఎప్పుడూ జరగలేదా అంటే, జరిగింది. అదీ మన దగ్గరే. బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలై 1990ల మధ్య దాకా ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, ఏపెప్ అనేవారు, మీ ఇంట్లో ఆ కాలం నాటి టీచరెవరైనా ఉంటే అడగండి. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, పిల్లల మధ్య తేడాల్ని గమనించడం, పరిసరాల్ని వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడలకి పెట్టడం లాంటి ఆరు సూత్రాలు. వాటితో పాటు చుట్టుపక్కల టీచర్లంతా అప్పుడప్పుడు కలిసి పాఠాలు తయారుచేసుకునే టీచర్ సెంటర్లు. లోపాలు లేవని కాదు, కానీ టీచరుకి టీచరే గురువు అన్న మొలక అందులో ఉంది. డబ్బిచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, పథకం ముగిసింది, మొలకకి నీళ్ళు పోసేవాడు లేడు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలని ఇప్పటికీ ఉన్నాయి. వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగితే సర్క్యులర్లు చదివారు, ఫార్మాట్లు నింపమన్నారు, టీ ఇచ్చారు అని చెబుతారు. జిల్లాకొకటి చొప్పున 1986 విద్యావిధానం తరువాత పెట్టిన డైట్ కాలేజీల్లో ఏళ్ళ తరబడి లెక్చరర్ పోస్టులు ఖాళీ. టీచర్లకి అండగా ఉండాల్సిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు డేటా మోసే కూలీలైపోయారు.

ఇంకో చేదు జ్ఞాపకం. 1980లు, 90లలో నెలకి 398 రూపాయలకి స్పెషల్ టీచర్లని పెట్టుకున్నారు ఈ రాష్ట్రంలో. తరువాత కొన్నేళ్ళు కొత్త టీచర్లకి రెండేళ్ళ "అప్రెంటిస్" కాలం అన్నారు. అప్రెంటిస్ అంటే ఏంటి? పక్కన ఉస్తాదు ఉండి పని నేర్పించడం. ఇక్కడ ఉస్తాదు లేడు, నేర్పడం లేదు, జీతంలో కోత ఒక్కటే ఉంది. ఆ మాట వింటే పాత టీచర్లు ఇప్పటికీ పళ్ళు కొరుకుతారంటే కొరకరా మరి?

నేర్పడానికి మనిషిని పెట్టడానికి డబ్బులుండవు గానీ, కాపలాకి యాప్ చేయించడానికి ఎప్పుడూ ఉంటాయి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకి మొహం స్కాన్ చేసే హాజరు యాప్ పెట్టారు, అదీ వాళ్ళ సొంత ఫోన్లలో. మరుగుదొడ్ల ఫోటోలు తీసి ఎక్కించే పని కూడా కొన్నేళ్ళు బడి వాళ్ళ నెత్తినే ఉంది, 2024లో తీసేశారు. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి ఎస్జీటీలని పంపి, మూడు వారాల పాటు ప్రాథమిక బడుల్ని ఒంటిపూట బడులు చేశారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లని వాడకూడదంటుంది. చట్టం చట్టమే, సర్వే సర్వేనే!

అన్నట్టు ఆ యాప్‌లు రాసిందెవరు? మనమే. నేనో, మీరో, మన పక్క క్యూబికల్ వాడో. రోజుకి పదిహేను నిముషాలు యాప్‌కి పోతే, 220 పనిదినాలకి 55 గంటలు. జాతీయ విద్యావిధానం టీచరు ఏడాదికి 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంటుంది. ఆ 50 గంటలు ఎక్కడికి పోతాయో లెక్క తేలిందా?

ఇంతకీ నేర్పేది ఎలా? దీనికి మంచి జవాబు దక్షిణాఫ్రికాలో దొరుకుతుంది. అక్కడా మనలాంటి గొడవలే: మాతృభాషలో చదవడం రాని పిల్లలు, పేద ప్రభుత్వ బడులు. నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో 180 బడుల్ని తీసుకుని పద్ధతిగా పోల్చి చూశారు. కొన్ని బడుల టీచర్లకి రెడీమేడ్ పాఠ ప్రణాళికలిచ్చి, మనలాగే ఓ హాల్లో కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చారు. కొన్ని బడులకి అవే ప్రణాళికలిచ్చి, కోచ్‌ని నేరుగా క్లాసుకే పంపారు. ఆవిడ పాఠం చూస్తుంది, అక్కడికక్కడే చేసి చూపిస్తుంది, మళ్ళీ వస్తుంది. రెండేళ్ళ తరువాత కోచ్ వెళ్ళిన బడుల పిల్లల చదువులో పెరుగుదల, హాలు శిక్షణ బడులకన్నా దాదాపు రెండింతలు ఉంది.

ఇక్కడితో ఆపితే మనవాళ్ళు "ఆ కోచ్‌ని వీడియో కాల్‌లో పెడదాం, స్కేల్ అవుతుంది" అంటారని తెలుసు. వాళ్ళూ అదే అనుకున్నారు. మరో ప్రావిన్స్‌లో ఇంగ్లీషు బోధన మీద, కొన్ని బడులకి మనిషి కోచ్, కొన్ని బడులకి ట్యాబు, ఫోను ద్వారా కోచింగ్ పెట్టారు. మొదట్లో రెండూ ఒకేలా కనిపించాయి. మూడేళ్ళకి చూస్తే మనిషి వెళ్ళిన చోట పిల్లల ఇంగ్లీషు మాట్లాడటం, చదవటం రెండూ మెరుగయ్యాయి. దూరం నుంచి కోచింగ్ చేసిన చోట మాట్లాడటంలో కొద్దిగా లాభం, చదవటంలో ఏమీ లేదు, పైగా మాతృభాషలో నష్టం. ఈ ఫలితాన్ని మన స్టార్టప్ మిత్రులు ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలని మనవి.

జపాన్‌లో 1989 నుంచి ప్రభుత్వ బడిలో చేరిన కొత్త టీచరుకి మొదటి ఏడాదంతా ఒక సీనియర్ తోడుగా శిక్షణ తప్పనిసరి. అక్కడ "పాఠ పరిశీలన" అని ఓ ఆచారం కూడా ఉంది. ఒకరు పాఠం చెబుతుంటే మిగతా టీచర్లు గోడవార నిలబడి పిల్లల్నే గమనిస్తారు. సాయంత్రం చర్చ. చర్చ పాఠం మీద, మాష్టారి మీద కాదు. మనం దీన్నే కోడ్ రివ్యూ అంటాం.

ఇంక వచ్చే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. వరసగా చూద్దాం.

ఒకటి: "ఇన్సెంటివ్ పెడితే చాలు, వాళ్ళే నేర్చుకుంటారు." దీంట్లో నిజం లేదనను. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచరుకి బోనస్. మార్కులు నిజంగానే పెరిగాయి. కానీ పూర్తిగా చదవండి. బోనస్ లేని చోట టీచరు చదువుకీ శిక్షణకీ పిల్లల మార్కులతో పెద్దగా సంబంధం కనబడలేదు. బోనస్ ఉన్న చోట మాత్రం ఎక్కువ శిక్షణ ఉన్న టీచర్లు ఎక్కువ ఫలితం తెచ్చారు. అంటే ఉత్సాహం ఇస్తే, చేతిలో పనితనం ఎంతుంటే అంతే బయటికొస్తుంది. లేని పనితనాన్ని బోనస్ పుట్టించదు.

రెండు: "జీతాలు పెంచితే మంచివాళ్ళు వస్తారు." రావచ్చు. కానీ ఇండోనేషియాలో 2005 చట్టం తరువాత సర్టిఫికెట్ తెచ్చుకున్న టీచర్ల మూల వేతనం రెట్టింపైంది. టీచర్లు సంతోషించారు, రెండో ఉద్యోగాలు తగ్గాయి, పిల్లల చదువు మాత్రం అంగుళం కదల్లేదని పరిశోధకులు తేల్చారు. గౌరవమైన జీతం ఇవ్వాల్సిందే, అది వాళ్ళ హక్కు. జీతం ఇచ్చాం కాబట్టి నేర్పక్కర్లేదనుకోవడమే తప్పు.

మూడు: "క్లాసులోకి ఎవరైనా వస్తే యూనియన్లు ఒప్పుకోవు." నిజమే, వాళ్ళ భయమూ అర్థమవుతుంది. మన దగ్గర క్లాసులోకి మనిషి వచ్చాడంటే ఇన్‌స్పెక్షన్, మెమో. అందుకే కోచ్ చేతిలో మెమో పుస్తకం ఉండకూడదు. చూసింది పై అధికారికి రాయకూడదు. కోడ్ రివ్యూ కామెంట్లని అప్రైజల్‌లో లెక్కపెడితే మీరు సీనియర్‌కి కోడు చూపిస్తారా? దాచేస్తారు. ఈ గ్యారంటీ ఇచ్చాక కూడా వద్దనే యూనియన్ నాయకుణ్ణి మాత్రం నేనే విమర్శిస్తాను. సీనియార్టీ, బదిలీలు, పీఆర్సీల మీద చేసినన్ని ధర్నాలు "మాకు నేర్పండి" అని ఎందుకు చేయలేదని అడుగుతాను.

నాలుగు: "డబ్బెక్కడిది?" రండి, లెక్క వేద్దాం. పదహారు వేల మంది కొత్త టీచర్లు. ఇరవై మందికి ఒక కోచ్ అంటే 800 మంది. ప్రతి బడికీ నెలకి ఒకరోజు వెళ్ళగలరు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్లు లక్షన్నరకి పైనే. అందులోంచి పాఠం బాగా చెబుతారని పేరున్న 800 మందిని రెండేళ్ళు ఈ పనికి తీస్తే అర శాతం. వాళ్ళు వదిలిన క్లాసుల్లోకి మాత్రం ముందే టీచర్లని వేయాలి, లేకపోతే ఓ చోట గుంత తీసి ఇంకోచోట పూడ్చినట్టే. రాష్ట్ర బడ్జెట్‌లో ఇది ఏ మూలకి? యాప్‌లకీ, ట్యాబులకీ, పేర్లు మార్చిన పథకాల బోర్డులకీ పెట్టేదాంతో పోల్చి చూడండి.

ఐదు: "మా పిల్లలు ప్రైవేటులో చదువుతారు, నాకెందుకు?" అక్కడ మీ పిల్లాడి టీచరుకి ఎవరు నేర్పారో అడిగారా ఎప్పుడైనా? స్విమ్మింగ్ పూల్ ఉందా, ఏసీ బస్సుందా అని అడుగుతాం. కొత్త టీచరుకి మొదటి ఏడాది ఎవరు తోడుంటారు, ఎన్ని క్లాసులు తగ్గిస్తారు అని అడ్మిషన్ కౌంటర్లో ఒక్కసారి అడిగి, అవతలి మొహం చూడండి.

ఇందులో అందరికీ తెలిసిన ఒక రాజకీయ రహస్యం ఉంది. "పదహారు వేల పోస్టులు" పతాక శీర్షిక అవుతుంది. నియామక పత్రాలు పంచడానికి వేదిక, పూలదండలు, కెమెరాలు ఉంటాయి. ఓ మారుమూల బడిలో వెనక బెంచీ మీద కూర్చుని "అమ్మా, ఆ లెక్క పుల్లలతో మళ్ళీ చెప్పి చూడు" అనే కోచ్ ఫోటో ఏ పేపర్లోనూ రాదు. ఓటు రాని చోటికి నోటూ రాదు. మనలాంటి నోరున్న వాళ్ళు అడిగితేనే వస్తుంది. మనమేమో మొహం స్కానింగ్ అడుగుతున్నాం.

నేనడిగేవి నాలుగే. కొత్త టీచరుని మొదటి రెండేళ్ళు ఏకోపాధ్యాయ బడిలో వేయకూడదు. ఆ రెండేళ్ళూ క్లాసుకొచ్చి చూసే, మెమో ఇవ్వని ఒక కోచ్ ఉండాలి. కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్ చదవడం మానేసి, ఒక పాఠం చెప్పించి దాని మీద చర్చించాలి. టీచరు టైము తినే కొత్త యాప్ ఏదైనా పెట్టాలంటే ముందు పాతది ఒకటి తీసేయాలి.

ఏమంత పెద్ద కోరికలు? మనకి ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచీ అడక్కుండానే దొరికినవే ఇవన్నీ.

చివరిగా ఒక గుణకారం. పదహారు వేల మంది కొత్త టీచర్లు, తలా ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఏడాదికి ముప్ఫై మంది పిల్లలు. కోటీ నలభై నాలుగు లక్షలు వస్తుంది. టీచరు చేయి తిరిగేది ముఖ్యంగా మొదటి కొన్నేళ్ళలోనే అని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ కొన్నేళ్ళు ఇప్పుడే, ఈ వారం, ఈ రోజు నడుస్తున్నాయి. మా అక్క ఇప్పుడు ఒకటో తరగతికి ఒత్తులు చెబుతూ, మూడో తరగతికి తీసివేతలిచ్చి, ఐదో తరగతిని నిశ్శబ్దంగా ఉండమని బతిమాలుతూ ఉంటుంది. తను చేస్తున్నది సరో కాదో చెప్పేవాళ్ళు లేరు. రెండు మూడేళ్ళు ఇలాగే గడిస్తే ఆమె కూడా ఏదో ఒక పద్ధతికి అలవాటు పడిపోతుంది. ఆ తరువాత ఏ టీ కప్పు దగ్గరో నలుగురు చేరి, జీతాలు చూస్తే లక్షలు అని ఆమె గురించే మాట్లాడుకుంటారు.

వాళ్ళలో మీరుంటే, దయచేసి ఒక్క ప్రశ్న అడగండి. ఆవిడకి పని నేర్పిందెవరు?